ఎండ వెలిగించిన పచ్చ దీపం

పదహారేళ్ళ పాటు మా ఆయన ప్రాణం మా అన్నయ్య పెన్సిలు మొన మీద నిలబడి ఉంది. కోపంతో అంటున్నానని అనుకోకండి. కోపం లేకపోలేదు, దాన్ని కడుపులో దాచుకునే రకాన్నీ కాను. కానీ ఇది మాత్రం ఉన్న మాట. మా ఆయన రైలు నడుపుతాడు. మా అన్నయ్య అదే దారిలో సిగ్నళ్ళు బాగుచేస్తాడు. సూర్యుడు ఏ రోజు ఎక్కడ పొడుస్తాడో అన్నయ్యకు సరిగ్గా తెలిస్తేనే మా ఆయన టిఫిను డబ్బా ఊపుకుంటూ మధ్యాహ్నానికి ఇంటికి వస్తాడు.

రైలుకూ సూర్యుడికీ ఏమిటి సంబంధం అంటారా? పెళ్ళయిన కొత్తలో నేనూ అలాగే అన్నాను. అప్పుడు అన్నయ్య నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ఆయనకు చెప్పడం మొదలుపెట్టడం ఒక్కటే వచ్చు, ఆపడం రాదు. సిగ్నలు స్తంభానికి రెండు గాజు కళ్ళుంటాయి, పైన పచ్చది, కింద ఎర్రది. గాజు వెనక బల్బు, బల్బు వెనక తళతళలాడే రేకు. ఏ బల్బు వెలిగితే అదే డ్రైవరుకు ఆజ్ఞ. అయితే తెల్లవారిన కాసేపటికి, సూర్యుడు ఇంకా నేలబారుగా ఉన్నప్పుడు, డ్రైవరు వీపు వెనక నుంచి తిన్నగా ఆ గాజులోకి చూశాడంటే ఎండ లోపలికి దూరి, రేకుకు కొట్టుకుని, రంగు పులుముకుని బయటికి వస్తుంది. లోపల బల్బు వెలగదు. బయట చూసేవాడికి దీపం వెలుగుతున్నట్టే ఉంటుంది. రైలు వాళ్ళు దాన్ని దొంగ వెలుగు అంటారు. ఆగమని చెప్పాల్సిన స్తంభం వెళ్ళమని చెబుతుందన్న మాట.

"ఎన్నాళ్ళుంటుంది అది?" అని అడిగాను.

"అందుకేగా నేనున్నది" అన్నాడు అన్నయ్య, చెవి మీద పెన్సిలు సర్దుకుంటూ.

మా అన్నయ్యను చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. వెదురు బొంగులా పొడుగ్గా ఉంటాడు, నడుస్తూ నడుస్తూ ఆగిపోయి తన నీడను తనే అడుగులతో కొలుచుకుంటాడు. పనివాళ్ళంతా నీడల మేష్టారు అని పిలుస్తారు. పిలిస్తే పలుకుతాడు కూడా. బట్టలు కుట్టుకునే దాన్ని, నాకూ కొలతల పిచ్చి ఉంది. కానీ నేను మనుషుల్ని కొలుస్తాను, ఆయన పొద్దును కొలుస్తాడు. ఇంట్లో ముందు గది గోడ నిండా పెన్సిలు గీతలే. ప్రతి పొద్దుటా మొదటి వెలుగు కిటికీలోంచి వచ్చి ఎదురు గోడ మీద పడగానే, కిటికీ కమ్మీ నీడ ఎక్కడ నిలిచిందో అక్కడ ఒక గీత గీసి, కింద తేదీ వేస్తాడు. "ఇంటికి సున్నం వేయిద్దామంటే మీ అన్నయ్య గోడకు అడ్డంగా నిలబడతాడమ్మా. ఈ మనిషిని కట్టుకున్నానో, పంచాంగాన్ని కట్టుకున్నానో" అని వదిన వాపోయేది.

"సూర్యుడు తూర్పున పొడుస్తాడని బళ్ళో చెబుతారే, అది ఏడాదికి రెండే రెండు రోజులు నిజం" అనేవాడు అన్నయ్య. మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి. పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు. మార్చి దాటితే పొడిచే చోటు రోజురోజుకూ ఉత్తరానికి జరుగుతుంది. జూన్‌లో ఆ కొసకు చేరి, వెనక్కి తిరిగి, సెప్టెంబరులో మళ్ళీ తూర్పు దాటి, డిసెంబరులో దక్షిణపు కొసకు వెళ్తుంది. ఆ రెండు కొసల మధ్య ఏడాదంతా అటూ ఇటూ తిరగడమే సూర్యుడి పని. జీతం లేని కాపలాదారు అని మా ఆయన వేళాకోళం చేసేవాడు.

మేం మొదట ఉన్న లైను గీత గీసినట్టు తూర్పు నుంచి పడమరకు పోతుంది. పొద్దుటి రైలు పడమర ముఖంగా వెళ్ళేది. అంటే మార్చిలోనూ సెప్టెంబరులోనూ సూర్యుడు సరిగ్గా రైలు వీపు వెనక. ఒక ముసలి డ్రైవరు రెండు దీపాలూ ఒకేసారి వెలిగాయని మొత్తుకుంటే, కళ్ళజోడు మార్చుకోమని ఆఫీసులో నవ్వారట. మా అన్నయ్య నవ్వలేదు. ఆ మార్చి అంతా తెల్లవారుజామున వెళ్ళి ఆ స్తంభం ఎదుట నిలబడ్డాడు. సమానమైన రోజుకు ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు పొద్దులు మాత్రమే దొంగ వెలుగు వస్తోందని, అదీ ఓ పది నిమిషాల సేపేనని తేల్చాడు. అంతకు ముందు రోజు లేదు, ఆ తర్వాత రోజు లేదు. ఆ నాలుగు రోజులూ స్తంభం కింద జెండా మనిషిని పెట్టమని కాగితం రాశాడు. దీపం ఏం చెప్పినా సరే, డ్రైవరు జెండానే చూడాలి. ఆఫీసు వాళ్ళు ఒప్పుకున్నారు. ఏడాదికి రెండుసార్లు, నాలుగేసి రోజులు. పదహారేళ్ళలో ఒక్క రైలూ ఎర్ర దీపం దాటలేదు.

మా ఆయన సంగతి చెప్పాలి. ఇంట్లో ఉప్పు ఎక్కడుందో తెలియదు గాని ఇంజనెక్కితే ఆయనంత అనుమానం మనిషి ఉండడు. పచ్చ కనిపించినా ఒకటికి రెండుసార్లు చూసుకునేవాడు. మా అన్నయ్య దగ్గర మాత్రం ఆ అనుమానమంతా కరిగిపోయేది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటారు. "బావ చెప్పాడంటే సూర్యుడైనా వినాల్సిందే" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది, కాసేపటికి ఎందుకో భయంగా ఉండేది. మనిషిని అంతగా నమ్మకూడదని కాదు. నా పుస్తెలు ఇద్దరి చేతుల్లో ఉన్నట్టనిపించేది.

పోయిన ఏడు రాతి గనికి కొత్త లైను వేశారు. మా ఇద్దరి కుటుంబాలనూ అక్కడికి మార్చారు. ఒకే వరుసలో ఇళ్ళు, వాళ్ళది మొదటిది, మాది ఆఖరుది. పొద్దుటి రైలు గని పనివాళ్ళను తీసుకెళ్తుంది. నాలుగు పెట్టెలు, మూడువందల మంది. నడిపేది మా ఆయన. గని స్టేషనుకు కిలోమీటరు ముందు ఒక సిగ్నలు. దాని అవతల, మలుపులో, రాళ్ళు నింపుకునే వ్యాగన్లు తరచూ అదే లైను మీద నిలబడి ఉంటాయి. మలుపు కొండ చాటున ఉంది కాబట్టి దగ్గరికి వెళ్ళేదాకా అవి కనబడవు. దీపాన్ని నమ్మడం తప్ప డ్రైవరుకు వేరే దారి లేదు.

వచ్చిన మర్నాడే అన్నయ్య దిక్సూచి పట్టుకుని పట్టాల వెంట నడిచాడు. ఈ లైను తూర్పు పడమరలుగా లేదు, ఏటవాలుగా ఉంది. ఆగ్నేయం నుంచి వాయవ్యానికి. ఇంటికొచ్చి కాగితం మీద ఏవో గీతలు గీసి, తృప్తిగా టీ అడిగాడు.

"బావా, ఈ దారిలో దొంగ ఎప్పుడొస్తాడు?" అని మా ఆయన అడిగాడు.

"మార్చిలో రాడు, సెప్టెంబర్లో రాడు. ఇక్కడ మనవాడు డిసెంబర్లో వస్తాడు. దక్షిణపు కొసకు చేరినప్పుడు సరిగ్గా నీ వీపు వెనక ఉంటాడు."

"ఎన్నాళ్ళు?"

"ముందు రెండు, వెనక రెండు. ఇరవై నుంచి ఇరవై మూడు దాకా జెండా చూడు. ఇరవై నాలుగు నుంచి నీ కళ్ళను నువ్వు నమ్ముకో."

అంతే. మా ముగ్గురి ఎదుట, టీ తాగుతూ, రెండో ఆలోచన లేకుండా చెప్పాడు. నేనూ వదినా విన్నాం. పదహారేళ్ళుగా నాలుగు అనే మాట మా ఇంట్లో మనిషిలా తిరిగింది కాబట్టి ఎవరికీ ఏమీ అనిపించలేదు. అన్నయ్య ఆఫీసుకు కాగితం పెట్టాడు. డ్రైవర్ల గదిలో గుండ్రటి చేతిరాతతో నోటీసు అంటించాడు.

డిసెంబరు మొదటి నుంచీ ఆకాశం ముసురుకుని ఉంది. పొద్దుటి పూట మంచు ఎంత దట్టంగా దిగేదంటే ఎదురింటి తలుపు కనిపించేది కాదు. అందువల్ల ఇరవై తేదీకి ముందు ఆ గాజులోకి ఎండ దూరిందా లేదా అన్నది చూసినవాడు లేడు. పంతొమ్మిది సాయంత్రం గాలి వీచి ఆకాశం తేటపడింది. ఇరవై పొద్దున జెండా మనిషి స్తంభం కింద నిలబడ్డాడు. దొంగ వెలుగు వచ్చింది. అన్నయ్య పిల్లాడిలా సంబరపడ్డాడు. "చెప్పానా? రోజు తప్పలేదు" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

ఇరవై మూడో తేదీన మా ఆయన భోజనానికి కూర్చుని, కంచంలోకి చూస్తూ, "ఇవాళ మరీ గట్టిగా వెలిగింది" అన్నాడు.

"ఏది?"

"పచ్చ. కింద ఎర్రది నిజంగా వెలుగుతోంది, అయినా వెలవెలబోయింది. జెండా లేకపోతే వెళ్ళిపోయేవాణ్ణే."

ఆఖరి రోజున తగ్గాలి గాని పెరగడమేమిటని సాయంత్రం అన్నయ్యను అడిగాను. "గాలిలో దుమ్ము లేదు, అందుకని. వెళ్ళిపోయేవాడు గట్టిగానే అరుస్తాడులే" అని నవ్వేశాడు. ఆ రాత్రే జెండా మనిషి తన మూటా ముల్లే సర్దుకుని పాత లైనుకు వెళ్ళిపోయాడు. ఇరవై నాలుగున మళ్ళీ మంచు కమ్మింది. ఇరవై ఏడు దాకా సూర్యుడి ముఖం ఎవరమూ చూడలేదు. ఆ నాలుగు రోజులూ నాకు మంచు మీద విసుగొచ్చింది. ఆరేసిన బట్టలు ఆరక తిట్టుకున్నాను. ఆ మంచే మా ఆయన్ని కాపాడుతోందని నాకేం తెలుసు.

ఇరవై ఎనిమిది పొద్దున లేచేసరికి ఆకాశం కడిగిన పలకలా ఉంది. మా ఆయన ఐదింటికే వెళ్ళిపోయాడు. ముందు గది కిటికీకి వదిన తెర కుట్టమంది. గోడ మీద గీతలు వచ్చిన వాళ్ళ కంట పడకుండా ఆ కిటికీనే మూసేస్తే పీడ పోతుందని ఆవిడ ఆలోచన. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, ఏడింటికి డ్యూటీ. ఆవిడ వెళ్ళేలోగా కొలత సరిపోయిందో లేదో చూద్దామని ఆరూ నలభైకి తెర భుజాన వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అన్నయ్య అప్పుడే గీత గీసి పెన్సిలు చెవిమీద పెట్టుకుంటున్నాడు. బనీను మీద ఉన్నాడు. వదిన స్కూటరు తాళాలు వెతుక్కుంటోంది.

తెర విప్పుతూ గోడకేసి చూశాను. నావి కొలతల కళ్ళు, గుడ్డ మీద నూలుపోగంత తేడా ఉన్నా పట్టేస్తాయి. పాత ఇంట్లో మార్చి గీతలు నాకు గుర్తే. రోజుకో వేలెడు ఎడం ఉండేది. ఇక్కడ కింద తేదీలు ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు అని వరుసగా ఉన్నాయి గాని, పైన ఉన్నది ఒక్కటే గీత. లావుగా, నల్లగా, ఒకే చోట నాలుగుసార్లు రుద్దినట్టు. దాని పక్కన కొత్తగా ఇరవై ఎనిమిది అని రాసి ఉంది. ఆ తేదీకి వేరే గీత లేదు. నీడ ఇంకా ఆ లావు గీత మీదే ఉంది.

"ఏంటన్నయ్యా, పెన్సిలు అరిగిపోయిందా? అన్నీ ఒకదాని మీద ఒకటి గీశావు" అన్నాను.

"అరగలేదు. ఈ రోజుల్లో సూర్యుడు కదలడు" అన్నాడు అన్నయ్య, పాఠం చెప్పే గొంతుతో. "ఉయ్యాల ఊగేటప్పుడు చూడు. మధ్యలో రయ్యిమని పోతుంది, కొసకు వెళ్ళాక కాసేపు ఆగినట్టుంటుంది కదా. మార్చిలో, సెప్టెంబర్లో ఆయన మధ్యలో ఉంటాడు. రోజుకు తన వెడల్పంత జరుగుతాడు. జూన్‌లో, డిసెంబర్లో కొసన ఉంటాడు. పది రోజులు అటూ, పది రోజులు ఇటూ పెన్సిలుకు అందేంత కూడా జరగ..."

మాట అక్కడ ఆగిపోయింది.

నేను తెర పట్టుకుని అలాగే ఉన్నాను. అన్నయ్య గోడ చూశాడు, కిటికీ చూశాడు, గోడ గడియారం చూశాడు. ఆరూ నలభై ఆరు.

"నాలుగని రాశాను" అన్నాడు. "నేను నాలుగని రాశాను."

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. మా ఆయన రైలు ఏడూ ఐదుకు ఆ స్తంభం దగ్గరికి వస్తుంది. ఆకాశం తేటగా ఉంది. జెండా మనిషి లేడు. "నీ కళ్ళను నువ్వు నమ్ముకో" అన్న నోటీసు డ్రైవర్ల గదిలో ఉంది.

ఆ ఇరవై రోజుల సంగతి అన్నయ్యకు తెలియక కాదు, అదే నా కడుపుమంట. అడిగిన వాడికీ అడగని వాడికీ అది చెప్పే మనిషే. నోటికి తెలిసింది చేతికి తెలియలేదు. పదహారేళ్ళు నాలుగు రాసిన చెయ్యి, కొత్త లైనుకూ నాలుగే రాసింది.

"స్టేషనుకు ఫోన్ చెయ్యి. రైలు ఆపమను" అని వదినకు చెప్పి, ఆవిడ చేతిలోంచి తాళాలు లాక్కున్నాడు. నేను తెర పారేసి స్కూటరు వెనక ఎక్కాను. దిగమని ఆయన అనలేదు, దిగే స్థితిలో నేనూ లేను. వదిన ఫోన్ చేసింది గాని, రైలు అప్పటికే వెనక స్టేషను దాటిందనీ, ఆ కొండ చాటు దారిలో ఇంజనుకు వైర్‌లెస్ అందదనీ స్టేషన్ మాస్టరు చెప్పాడట. సిగ్నలుకు ఎర్రదే వేసి ఉందనీ, అవతల వ్యాగన్లు ఉన్నాయనీ, కంగారు పడొద్దనీ కూడా అన్నాడట. పాపం ఆయనకు ఎర్రదే తెలుసు.

అన్నయ్యకు స్కూటరు సరిగ్గా రాదు. గుంతల్లో పడుతూ లేస్తూ వెళ్ళాం. మా ఇద్దరి మీదా వెనక నుంచి ఎండ పడుతోంది. చలికాలపు ఎండ, వెచ్చగా హాయిగా ఉండాల్సింది. వీపు మీద ఎవరో చెయ్యి వేసి తోస్తున్నట్టుంది నాకు. "ఎంత సేపు అన్నయ్యా" అని ఎన్నిసార్లు అడిగానో గుర్తులేదు.

రైలు కట్ట కింద స్కూటరు పడేసి పాక్కుంటూ పైకెక్కాం. అప్పుడు చూశాను దాన్ని. జన్మలో మరిచిపోను. స్తంభం మీద రెండు కళ్ళూ తెరుచుకుని ఉన్నాయి. కింద ఎరుపు, బతిమాలుతున్నట్టు నీరసంగా. పైన పచ్చ, నిక్షేపంగా, ధీమాగా. దాంట్లో బల్బు ఆరిపోయి ఉందని నాకు తెలుసు. తెలిసి కూడా, చూస్తుంటే వెళ్ళమన్నట్టే అనిపించింది. మలుపు అవతల రాళ్ళు సర్దుతున్న మనుషుల మాటలు వినబడుతున్నాయి. ఎవడో నవ్వుతున్నాడు.

పట్టాలు సన్నగా మోగడం మొదలైంది. అన్నయ్య రైలుకు ఎదురుగా పరిగెత్తాడు. యాభై దాటిన మనిషి, బనీనుతో, చెప్పుల్లేకుండా, కంకర మీద. రెండు చేతులూ తల మీద ఊపుతూ పరిగెత్తాడు. నేనూ వెనక పరిగెత్తాను గాని కొంగు తట్టుకుని మోకాళ్ళ మీద పడ్డాను. అక్కడి నుంచే చూశాను. ఇంజను ముందు నల్లటి చుక్కలా, తర్వాత పెద్దదై వచ్చింది. వేగం తగ్గించలేదు. తగ్గించడానికి మా ఆయనకు కారణం లేదు, పచ్చ కనిపిస్తోంది. అన్నయ్య పట్టాల మధ్యకు వెళ్ళి నిలబడ్డాడు.

అప్పుడు కూత వినిపించింది, ఆగకుండా. దాని వెంటనే చక్రాలు పట్టాలను కోసిన చప్పుడు. అన్నయ్య ఆఖరు నిమిషంలో పక్కకు దూకాడు. ఇంజను ఆయన్ని దాటింది, నన్ను దాటింది, స్తంభాన్ని దాటింది, మలుపు తిరిగింది. నేను చెవులు మూసుకున్నాను. గుద్దుకున్న చప్పుడు కోసం ఎదురుచూశాను. సిగ్గులేకుండా నిజం చెబుతున్నాను, ఆ కాసేపూ ఆ మూడువందల మంది నాకు గుర్తు రాలేదు.

చప్పుడు రాలేదు. మేం మలుపు దగ్గరికి వెళ్ళేసరికి ఇంజనుకూ ఆఖరి వ్యాగనుకూ మధ్య నా కుట్టుమిషను బల్ల పట్టేంత జాగా ఉంది. వ్యాగను మీది మనుషులు పారలు పట్టుకుని బొమ్మల్లా నిలబడ్డారు. పెట్టెల్లోంచి ఎవరో ఏడుస్తున్నారు. మా ఆయన మెట్లు దిగాడు. దిగాక కూడా మెట్టు పట్టుకునే నిలబడ్డాడు. నన్ను చూశాడు గాని గుర్తుపట్టినట్టు లేదు. అన్నయ్య కాళ్ళ నుంచి నెత్తురు కారుతోంది.

"రెండూ కనిపించాయి బావా" అన్నాడు మా ఆయన. అరవలేదు. లెక్క అప్పజెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "ఎర్రదీ కనిపించింది, పచ్చదీ కనిపించింది. బ్రేకు మీద చెయ్యి వేశాను కూడా. అప్పుడు నీ నోటీసు గుర్తొచ్చింది. దొంగ వెళ్ళిపోయాడు కదా, అయితే పచ్చే నిజం, ఎర్రదే ఏదో మెరుపు అనుకున్నాను. నువ్వు ఏమీ చెప్పకపోయి ఉంటే ఆగేవాణ్ణి."

 

ఎర్ర దీపం దాటిన డ్రైవరుకు ఉద్యోగం ఉండదు, అది రూలు. అన్నయ్య ఆ మధ్యాహ్నమే కూర్చుని రాశాడు. తను రాసిన నాలుగు తప్పని, గోడ మీద గీతలు సాక్ష్యమని, డ్రైవరు నమ్మింది తన సంతకాన్నని రాశాడు. విచారణకు వచ్చిన వాళ్ళకు గోడ చూపించాడు. వాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. వారం తర్వాత మా ఆయన్ని మళ్ళీ ఇంజనెక్కమన్నారు. అన్నయ్య చేతిలోంచి పనిముట్ల పెట్టె తీసేసుకుని, జెండా మనిషిగా వేశారు. అదే స్తంభం కింద.

జనవరి ఐదో తేదీన మా ఆయన తిరిగి డ్యూటీకి వెళ్ళాడు. ఇంట్లో ఉండలేక ఆ రైల్లోనే మొదటి పెట్టె ఎక్కాను. కిటికీలోంచి తల బయటపెట్టి కూర్చున్నాను. ఆకాశం తేటగా ఉంది. ఎనిమిది రోజులైనా, సూర్యుడు వెనక్కి జరగడం మొదలైనా, దొంగ ఇంకా వెళ్ళలేదు, స్తంభం మీద రెండు కళ్ళూ వెలుగుతున్నాయి. కింద అన్నయ్య నిలబడి ఉన్నాడు, పచ్చ జెండా పట్టుకుని. ఆ రోజు దారి ఖాళీ. వెళ్ళమన్నదే నిజం.

రైలు ఆగిపోయింది. మా ఆయన దిగాడు. అన్నయ్య జెండాను ఇంకా పైకెత్తాడు.

"పచ్చే బావా. లైను ఖాళీగా ఉంది. నేను వెళ్ళి చూసొచ్చాను."

మా ఆయన స్తంభానికున్న నిచ్చెన ఎక్కి, ఎర్ర గాజుకు అరచెయ్యి అడ్డం పెట్టి ఎండ తగలకుండా చేసి, లోపలికి తొంగి చూశాడు. తర్వాత పచ్చ గాజుకూ అలాగే చేశాడు. నిదానంగా దిగాడు. మలుపు దాకా నడిచి, అవతలకు చూసి, తిరిగి వచ్చాడు. వచ్చేటప్పుడు అన్నయ్య భుజం రాసుకుంటూనే నడిచాడు, అటు తిరిగి చూడలేదు. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపు ఆగలేదు. మా ఆయన బతికున్నందుకో, ఆ జెండా అలా ఒంటరిగా గాలిలో ఉండిపోయినందుకో, విడదీసి చెప్పలేను.

రైలు కదిలింది. నా కిటికీ అన్నయ్య ముందు నుంచి వెళ్ళింది. జెండా దించకుండానే ఇంజను వైపు చూస్తూ, నాకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా, "మంచి పని చేశావు బావా. రేపూ అలాగే దిగి చూసుకో" అంటున్నాడు.